నేను తోమిన ఇరవై నాలుగు డబ్బాలు

గురువారం లోపు చెయ్యాల్సిన పనులు:

1. ప్రాజెక్టు కాగితాల మీద బేకరీ ఓనరు గారి సంతకం.
2. బట్టీ లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు. (కొలిచే టేపు పక్క సందులో వడ్రంగి దగ్గర ఉంది. అడగాలి.)
3. ల్యాబ్ నుంచి వేడి కొలిచే తీగలు నాలుగు, మీటరు ఒకటి. గురువారం సాయంత్రం నాలుగింటికల్లా తిరిగి ఇచ్చెయ్యాలి.
4. డబ్బాల ఉపరితలానికి పట్టికలో అంకె చూసి రాసుకోవాలి.
5. కొలతలు తీసేటప్పుడు బట్టీ తలుపు తెరవొద్దని మామయ్యకి చెప్పాలి. మర్యాదగా.
6. డబ్బాలు తోమాలి.
7. ఇది మూడోసారి అని అమ్మకి చెప్పకూడదు.

ఈ ఏడింటిలో ఆరో పని నన్నెవరూ చెయ్యమనలేదు. శ్రద్ధగా, ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా చేసిన పని కూడా అదొక్కటే.

జాబితా రాసింది బ్రెడ్డు ప్యాకెట్లు సర్దే అట్టపెట్టె మూత మీద. అమ్మ బేకరీలో ప్యాకింగు పని చేస్తుంది కాబట్టి మా ఇంట్లో అట్టలకి కొదవ లేదు. నా ఇంజినీరింగు చదువు సగం నోటుపుస్తకాల్లో, సగం అట్టల మీద నడిచింది. అదే బేకరీలో బట్టీ దగ్గర పనిచేసేది మా మామయ్య, అమ్మకి అన్న. ఇరవై ఏడేళ్లుగా అదే బట్టీ. ఆయన కుడిచేతికి మోచేతి దాకా వెంట్రుక ఒక్కటి లేదు. ఎడమచేతికి మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

మా ఇంట్లో నాకు ముందు కాలేజీ మెట్టు ఎక్కినవాళ్లు లేరు. అందుకని ఏ సబ్జెక్టు తీసుకుంటే ఒళ్లు దాచుకోవచ్చో చెప్పేవాళ్లూ లేరు. నాలుగో ఏడు రెండు సబ్జెక్టుల్లో ఒకటి ఎంచుకోమన్నారు. ఒకదాని పేరు చిన్నగా ఉంది. రెండోది రేడియేటివ్ హీట్ ట్రాన్స్‌ఫర్. పేరు పెద్దగా ఉంది కాబట్టి గౌరవంగా ఉంటుందనుకుని దానికింద టిక్కు పెట్టాను. తరగతిలో మిగతా అరవై మందిలో యాభై నాలుగు మంది చిన్న పేరు వైపు పరిగెత్తారు. పాపం, కష్టపడే గుణం లేదు వీళ్లకి అనుకున్నాను. వాళ్లందరూ పాసై, ఉద్యోగాల్లో చేరి, మొదటి సెలవులకి ఇళ్లకి కూడా వచ్చి వెళ్లారు.

సబ్జెక్టు గురించి రెండు ముక్కలు చెప్పాలి. వేడి ఒకచోటు నుంచి ఇంకోచోటుకి చేరడానికి తాకాల్సిన పని లేదు. ఎదురుగా ఉంటే చాలు. ఎర్రగా కాలిన గోడ ఎదురుగా చెయ్యి పెడితే గాలి కదలకపోయినా చురుక్కుమంటుంది కదా, అదే. ఎంత చురుక్కుమంటుందో లెక్క కట్టడమే మా పని. ఆ లెక్కలో ఉష్ణోగ్రతని నాలుగుసార్లు రాసి గుణించాలి. గుణించే ముందు కెల్విన్‌లోకి మార్చడానికి రెండు వందల డెబ్బై మూడు కలపాలి. మొదటిసారి పరీక్షలో నేను కలపలేదు. అరగంటలో కాగాల్సిన ఇనుప దిమ్మె నా జవాబులో ఎనిమిది గంటలపాటు చలి కాచుకుంది.

రెండోసారి కలిపాను. అన్నిచోట్లా కలిపాను, కలపకూడని చోట కూడా. పోనీ అది చిన్న తప్పు. అసలు తప్పు వేరే. ఒక గోడకి ఎదురుగా ఏ గోడ ఎంత కనిపిస్తోందో లెక్క వెయ్యాలి. చదునైన గోడ తనని తాను చూసుకోలేదు. గిన్నెలాగా లోపలికి వంగిన గోడ, లేదా గదిలాగా చుట్టూ మూసుకున్న గోడ, తనని తాను కూడా చూసుకుంటుంది. ఆ సంగతి మర్చిపోయి, మిగిలిన వాటా ఎక్కడెక్కడో సర్దేశాను. బయల్దేరిన వేడి నూరు పాళ్లయితే చేరింది నూట నలభై అని తేలింది. మేడం ఆ కాగితం పక్కన ఎర్ర సిరాతో ‘మిగతా నలభై ఎవరిచ్చారు?’ అని రాశారు.

మూడోసారికి మించి రాయనివ్వరు. మూడోసారీ పోతే నాలుగేళ్ల చదువూ పోయినట్టే. డిగ్రీ ఇవ్వరు. బాయిలర్లు తయారుచేసే కంపెనీ ఒకటి నాకు ఉద్యోగం ఇస్తానని కాగితం పంపింది. అందులో డిగ్రీ ఉంటేనే అని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని నేను అమ్మకి చదివి వినిపించలేదు.

మేడం నన్ను గదికి పిలిచి చెప్పారు. “ఈసారి సగం మార్కులు పరీక్షకి, సగం ప్రాజెక్టుకి. పుస్తకంలో నువ్వు వేడిని ఎప్పుడూ చూసినట్టు లేదు. బయట ఎక్కడైనా చూసి, కొలిచి, లెక్కతో పోల్చి రా. కొలత, లెక్క కలవకపోయినా ఫరవాలేదు. ఎందుకు కలవలేదో చెప్పాలి.”

“మా మామయ్య బట్టీ ఉంది మేడం.”

“చూశావా! ఇంట్లో బట్టీ పెట్టుకుని పుస్తకంలో వెతికావా?” అన్నారావిడ. “అవసరమైతే ఒకసారి వచ్చి చూస్తాను.”

ఆ చివరి మాట నా కొంప ముంచింది.

బేకరీకి వారంలో ఒకరోజు సెలవు. ఆ మధ్యాహ్నం అమ్మ అట్టపెట్టెలు లెక్కపెట్టుకోవడానికి వెళ్తుంటే తాళంచెవితోపాటు నేనూ వెళ్లాను. కొలతలు తీసుకున్నాను. ఇటుక బట్టీ, ఎదిగిన మనిషి వంగితే పట్టేంత. పక్కన చెక్క అరల్లో బ్రెడ్డు డబ్బాలు బోర్లించి ఉన్నాయి. డబ్బాలంటే పిండిముద్ద పెట్టి బట్టీలోకి తోసే పొడవాటి రేకు పాత్రలు. అరవై ఉన్నాయి. అన్నీ బొగ్గులా నల్లగా ఉన్నాయి. మేడం వచ్చి వీటిని చూస్తే? రిపోర్టులో ఫొటో పెడితే? మా మామయ్య సామాను ఇంత మసిగా ఉంటుందని తెలిస్తే? నాకు నిజంగా సిగ్గేసింది. నాలుగేళ్లు ఇస్త్రీ బట్టలేసుకుని, మాది ఏ ఇల్లో ఎవరికీ తెలియకుండా జాగ్రత్తపడ్డ మనిషిని నేను.

ఇనుప పీచు, సబ్బుపొడి, సోడా తీసుకుని కుళాయి దగ్గర కూర్చున్నాను. ప్రాజెక్టుకి కావలసినవి ఇరవై నాలుగు. ఐదు గంటలు పట్టింది. గోళ్లు అరిగాయి.

అమ్మ మధ్యలో వచ్చి చూసింది. “ఎందుకే అంతలా రుద్దుతావు? మామయ్య వాటికి నీళ్లు కూడా తగలనివ్వడు. నూనెగుడ్డతో ఒకసారి తుడుస్తాడంతే.”

“అందుకే అలా ఉన్నాయమ్మా,” అన్నాను.

ఈ మాట అన్నది నాలుగేళ్లు ఇంజినీరింగు చదివిన మనిషి. నల్లటి ఉపరితలం వేడిని తాగుతుందని, మెరిసేది తిప్పికొడుతుందని పట్టికలు బట్టీ పట్టిన మనిషి. ఆ పట్టిక అంకె పేరు ఎమిసివిటీ. ఒకటికి దగ్గరగా ఉంటే నలుపు, సున్నాకి దగ్గరగా ఉంటే అద్దం. నాలుగో పని ప్రకారం ఆ ఉదయమే నల్లరేకుకి సున్నా పాయింటు తొమ్మిది అని అట్ట మీద రాసుకున్నాను. మధ్యాహ్నం కూర్చుని ఆ తొమ్మిదిని నా చేతులతో తోమి కాలవలో పోశాను. చెయ్యి చేస్తున్న పనికీ, అట్ట మీది అంకెకీ ఏదైనా చుట్టరికం ఉందని నాకు తట్టనే లేదు.

బుధవారం పొద్దున పదింటికి రెండో విడత పిండి సిద్ధమైంది. తోమిన డబ్బాల్లో ప్యాకింగు గదిలోనే పిండి పెట్టించి, మూతలాగా తడిగుడ్డ కప్పి తెచ్చాను. ఒక ముద్ద మధ్యలో తీగ గుచ్చి, మీటరు పట్టుకుని నిలబడ్డాను. మామయ్య పొడుగు కర్రతో డబ్బాలు పేర్చిన పలకని లోపలికి తోసేశాడు. అప్పటికి ఆయన డబ్బాల అడుగు చూడలేదు.

“ఎంతసేపమ్మా ఇంజినీరు గారూ?”

“ఇరవై ఎనిమిది నిమిషాలు మామయ్యా. అప్పటిదాకా తలుపు తియ్యకూడదు.”

“నేను ఇరవై నాలుగుకి తీస్తానే.”

“నువ్వు గడియారం చూడవు కదా మామయ్యా. అందాజుగా తీస్తావు. నాది లెక్క.”

“సరే తల్లీ. ఇన్నాళ్లూ లెక్క లేకుండా తిన్నారు జనం.”

ఇరవై నాలుగు నిమిషాలకి ఆయన చెయ్యి తలుపు మీదకి వెళ్లింది. నేను మర్యాదగా అడ్డంపడ్డాను. ఇరవై ఎనిమిదికి తెరిచాం. పైన బంగారంలా ఉంది. ముద్ద మధ్యలో తొంభై అయిదు డిగ్రీలు ఉండాల్సింది, మీటరు డెబ్బై ఒకటి దగ్గర నిలబడి నావైపు చూస్తోంది. మామయ్య ఒక డబ్బాని గుడ్డతో పట్టుకుని బోర్లించాడు. రొట్టె రాలేదు. కొట్టాడు. సగం వచ్చింది. వచ్చిన సగం అడుగున పాలలా తెల్లగా ఉంది. మిగతా సగం డబ్బాకి అతుక్కుపోయింది. ఆయన డబ్బాని వెలుతురులోకి తిప్పాడు.

“ఇదేమిటే? ఇందులో నా మొహం కనిపిస్తోంది!”

“తోమాను మామయ్యా.”

“ఎన్ని?”

“ఇరవై నాలుగూ.”

ఆయన తిట్టలేదు. కిందున్న పిండిబస్తా మీద కూర్చుని, “పదకొండేళ్లే,” అన్నాడు. “ఒక్కొక్కదానికి నూనె రాసి, ఉత్తిగా కాల్చి, మళ్లీ రాసి, మళ్లీ కాల్చి... పదకొండేళ్లుగా నీటిచుక్క తగల్లేదే వాటికి.”

మిగిలినవి లోపలికి తోశాం. నలభై ఒక్క నిమిషానికి గానీ కాలలేదు. అప్పటికి పైభాగాలు మాడిపోయాయి. ఆ విడత ఆసుపత్రికి వెళ్లాల్సింది. బండి వచ్చి హారన్ కొట్టి, ఖాళీగా పోయింది. హారన్ విని ఓనరు గారు వచ్చారు. ఒక రొట్టె తిరగేశారు. ఒక డబ్బా చూశారు.

“ఎవరు తోమారు వీటిని?”

నేను నోరు తెరిచే లోపల మామయ్య లేచి నిలబడ్డాడు. “నేనే సార్. బుద్ధి గడ్డి తిని.”

“ఇరవై ఏడేళ్ల తర్వాతా! రేపటి నుంచి బట్టీ దగ్గర మా బావమరిది నిలబడతాడు. నువ్వు బస్తాలు మొయ్యి.”

ఓనరు గారు వెళ్లాక నేను గొణిగాను. “ఎందుకలా అన్నావు మామయ్యా?”

“నీ కాగితాల మీద ఆయన సంతకం పెట్టాలా వద్దా? నువ్వే చేశావంటే పెడతాడా? నా పేరే రాసుకో. బస్తాలు మోస్తే అరిగిపోను. నీకిదే ఆఖరుసారి కదా.”

“నీకెలా తెలుసు?”

“మీ అమ్మ చెప్పింది.”

“అమ్మకెలా తెలుసు?”

“మూడుసార్లూ పరీక్ష దరఖాస్తు మీద సంతకం పెట్టింది అదేనాయె. దానికి చదువు రాకపోతే లెక్కపెట్టడం కూడా రాదనుకున్నావా?”

జాబితాలో ఏడో పని కూడా అలా పోయింది.

ఆ సాయంత్రం కూర్చుని లెక్క మళ్లీ వేశాను. సున్నా పాయింటు తొమ్మిది కొట్టేసి, మెరిసే రేకు అంకె పెట్టాను. నలభై మూడు నిమిషాలు వచ్చింది. కొలిచింది నలభై ఒకటి. నా జీవితంలో నా జవాబు నిజానికి అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. ఆనందంగా రిపోర్టు రాసుకుంటూ పోతే మూడో పేజీలో ఒక గడి వచ్చింది: ‘ఉపరితలం సిద్ధం చేసినవారు.’ ప్రతి పేజీ కింద ఓనరు సంతకం ఉండాలి. పెన్ను ఆగింది. పెద్దవాళ్ల మాట కాదనకూడదని చిన్నప్పటి నుంచి నేర్పారు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత గుండ్రటి అక్షరాలతో ‘బట్టీ పనివాడు’ అని రాశాను. అక్షరాలు చక్కగా వచ్చాయి. అబద్ధం రాసేటప్పుడు నా దస్తూరీ బాగుంటుందని అప్పుడే తెలిసింది.

గురువారం పొద్దున ఓనరు గారి బల్ల ముందు నిలబడ్డాను. మెడలో తీగలు, చేతిలో రిపోర్టు. ఆయన మొదటి రెండు పేజీల మీద చూడకుండా సంతకం పెట్టారు. మూడో పేజీలో అంకెలు తక్కువ, మాటలు ఎక్కువ ఉన్నాయి కాబట్టి చదివారు. మొహం విప్పారింది. సరిగ్గా అప్పుడే మామయ్య భుజం మీద బస్తాతో తలుపు దగ్గర నుంచి వెళ్తున్నాడు.

“ఇలా రావయ్యా. నీ మేనకోడలే రాసింది చూడు. ‘ఉపరితలం సిద్ధం చేసినవారు, బట్టీ పనివాడు.’ చదువుకున్న పిల్ల, ఉన్నదున్నట్టు రాసింది.”

మామయ్య బస్తా దించలేదు. దాని కింద నుంచే మెడ కొంచెం తిప్పి, “అవును సార్. రాసింది కదా,” అన్నాడు. నా వైపు చూసి కన్నుగీటాడు.

ఆ కన్నుగీటడం లేకపోతే నేను సంతకం పట్టుకుని వెళ్లిపోయేదాన్నేమో. ఇది నా గొప్ప కోసం చెప్పడం లేదు. కాళ్లు అప్పటికే గుమ్మం వైపు తిరిగాయి.

“సార్, అది తప్పు,” అన్నాను. “తోమింది నేను. మామయ్య ఆ రోజు ఇక్కడ లేడు. ఆయనకి తెలియదు కూడా.”

“నోర్ముయ్యవే!” అన్నాడు మామయ్య.

ఓనరు గారు కలం మూత పెట్టేశారు. “అయితే తప్పుడు కాగితం మీద నా చేత సంతకం పెట్టిస్తున్నావన్నమాట.”

“అవును సార్.”

“అవునంటుంది చూడు! అసలు డబ్బా తోమితే రొట్టె కాలకపోవడమేంటి? అదే బట్టీ, అదే మంట. మీ ఇద్దరూ కలిసి కబుర్లలో పడి మంట చూసుకోలేదు. అది కప్పిపుచ్చడానికి ఆయనొక కథ, నువ్వొక కథ.”

ఒళ్లు మండింది. నాలుగేళ్ల చదువులో నాకు కచ్చితంగా తెలిసిన సంగతి ఒక్కటుంటే, దాన్ని కథ అంటున్నాడాయన. “రెండు డబ్బాలు పెట్టండి సార్,” అన్నాను. “నేను తోమింది ఒకటి, తోమనిది ఒకటి. ఒకే పిండి, ఒకే బరువు, పక్కపక్కన. మీరే తిరగేసి చూడండి. రెండూ ఒకేలా ఉంటే సంతకం పెట్టొద్దు.”

అలా అనేశాక గుర్తొచ్చింది. సంతకం లేకపోతే రిపోర్టు లేదు, రిపోర్టు లేకపోతే డిగ్రీ లేదు. పందెం కాసింది నా దగ్గరున్న ఆఖరి కాగితాన్ని.

బట్టీ దగ్గర ఓనరు బావమరిది నిలబడి ఉన్నాడు. మంచివాడే, కానీ మూడు నిమిషాలకోసారి తలుపు తెరిచి లోపలున్నవాటిని పలకరిస్తాడు. నేను మర్యాదగా రెండుసార్లు చెప్పాను. మూడోసారి ఓనరు గారే అరిచారు. “ఏమోయ్, లోపల ఏమన్నా చుట్టాలున్నారా? ముయ్యి తలుపు!” మళ్లీ కొత్త పిండితో మొదలుపెట్టాం. అమ్మ ప్యాకింగు గదిలోంచి వచ్చి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ గోడకి ఆనుకుని నిలబడింది. మామయ్య దించిన బస్తా మీదే కూర్చున్నాడు. అప్పటికి పన్నెండున్నర. తీగలు నాలుగింటికి ల్యాబ్‌లో ఉండాలి.

ఇరవై నాలుగు నిమిషాలైంది.

“అయింది, తియ్యండి,” అన్నాడు మామయ్య బస్తా మీద నుంచి.

“ఇంకా నాలుగు మామయ్యా,” అన్నాను. నాకు సిగ్గు లేదు.

ఇరవై ఎనిమిదికి రెండు డబ్బాలూ బల్ల మీదకి వచ్చాయి. ఓనరు గారు గుడ్డ పట్టుకుని తానే బోర్లించారు. నల్ల డబ్బాలోంచి రొట్టె చెయ్యి పడగానే జారింది. అడుగు ఎర్రగా ఉంది, అంచుల్లో ఒక పిసరు ముదిరింది. మెరిసే డబ్బాని నాలుగుసార్లు బల్లకేసి కొడితే తెల్లటి ముద్ద ముక్కలుగా ఊడింది. ఆయన రెండింటినీ మార్చి మార్చి చూశారు. వేలితో నొక్కారు. నల్ల డబ్బాని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశారు, ఎందుకో తెలియదు.

“ఏమయ్యా,” అన్నారు చివరికి మామయ్యతో, “ఇన్నాళ్లూ నువ్వు బద్ధకంతో తోమడం లేదనుకున్నాను.”

“కొంచెం అదీ ఉంది సార్,” అన్నాడు మామయ్య.

అమ్మ గోడ దగ్గర నుంచి పకపకా నవ్వింది. ఓనరు గారు బావమరిదిని దుకాణంలోకి పంపేశారు. మామయ్య లేచి కర్ర అందుకున్నాడు. నేను మూడో పేజీ కొత్తగా రాసి, గడిలో నా పేరు పెట్టాను. ఈసారి అక్షరాలు వంకరగా వచ్చాయి. ఆయన సంతకం పెట్టి, “డబ్బాలు మళ్లీ నల్లగా చేసేదాకా ఈ గుమ్మం దాటి వెళ్లడానికి వీల్లేదు,” అన్నారు. తీగలు ఇచ్చి వస్తానని బతిమాలుకున్నాను. మూడు గంటల యాభై ఎనిమిది నిమిషాలకి ల్యాబ్‌లో ఇచ్చాను. ఒక తీగకి పిండి అంటుకుని ఉంది.

సోమవారం మేడం నా రిపోర్టు తిరగేస్తూ మూడో పేజీ దగ్గర ఆగారు. “ఎందుకు తోమావు?”

“మీరు వస్తే బాగుండదని మేడం.”

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. నవ్వాపుకుంటున్నారో, కోపమాపుకుంటున్నారో తెలియలేదు. “రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టడం నీ ఆలోచనేనా? అదే ఇందులో అసలైన ప్రయోగం. మొదట చేసింది ఉత్త తోముడు. సరే. నల్ల డబ్బాకి ఇరవై ఎనిమిది అని లెక్క వేశావు. అంచు ముదిరిందని నువ్వే రాశావు. అంటే ముందే అయిపోయింది. ఎందుకు తేడా వచ్చింది?”

ఆ పేజీలోని లెక్కని మొదటి నుంచీ మళ్లీ చదువుకుంటూ నిలబడ్డాను.

“బట్టీ గోడ డబ్బాని మాత్రమే చూస్తోందని వేశావు. చుట్టూ మూసుకున్న గోడ ఇంకా దేన్ని చూస్తుంది?”

“తనని తాను చూసుకుంటుంది మేడం,” అన్నాను నేల చూస్తూ. పోయినసారి మర్చిపోయిందీ అదే. నన్ను నేను సరిగ్గా చూసుకునే అలవాటు నాకు లేకపోవడం వల్ల, గోడలకి కూడా లేదనుకుంటాను కాబోలు.

“అది వేసి చూడు.”

అక్కడే నిలబడి వేశాను. ఇరవై అయిదు వచ్చింది.

“మీ మామయ్య ఎంత అన్నారు?”

“ఇరవై నాలుగు మేడం.”

ఆ తప్పుకి పది మార్కులు తీసేశారు. పరీక్షతో కలిపితే రెండు మార్కుల తేడాతో పాసయ్యాను. ఇప్పుడు బాయిలర్ల కంపెనీలో పనిచేస్తున్నాను. మెరిసే రేకు ఎక్కడ కనిపించినా చేతులు వెనక్కి కట్టుకుంటాను. చేరడానికి ముందు సెలవులన్నీ మామయ్య పక్కన కూర్చుని ఇరవై నాలుగు డబ్బాలకి నూనె రాసి కాల్చాను. ఇంకా నల్లబడలేదు, గోధుమరంగు దగ్గరే ఉన్నాయి. మామయ్య వాటిని ‘ఇంజినీరు గారి డబ్బాలు’ అని విడిగా ఒక అరలో పెట్టాడు. కొత్తగా చేరినవాళ్లకి వాటిని చూపించి కథంతా చెబుతాడట. అమ్మ ప్రతి వారం ఫోనులో ఆ కబురు చెబుతుంది.

ఒక్కటి మిగిలింది. రిపోర్టు చివర కృతజ్ఞతల పేజీ ఉంటుంది. అందులో విభాగాధిపతి, మేడం, సంస్థ యజమాని అని మూడు గీతలు అచ్చువేసి ఉన్నాయి. నాలుగో గీత గీస్తానంటే ఆఫీసు గుమాస్తా ఒప్పుకోలేదు. ఆ పేజీలో చోటు దొరకని మనిషి కోసమే ఇదంతా రాశాను. ఈసారి బ్రెడ్డు కొన్నప్పుడు ఒక్కసారి తిరగేసి అడుగు చూడండి. ఎర్రగా, సమంగా కాలి ఉంటే, పదకొండేళ్లు ఒక డబ్బాకి నీటిచుక్క తగలనివ్వని మా మామయ్యని, కుడిచేతికి వెంట్రుకల్లేని ఆ మనిషిని, తలుచుకోండి.